భుజం మొదటిసారి జారినప్పుడు శస్త్రచికిత్స చేయించాలా, కట్టు, వ్యాయామాలతో ఆగవచ్చా?

మూసీగట్టు:
అందరికీ నమస్కారం. మా మేనల్లుడికి 19 ఏళ్లు, జిల్లా స్థాయిలో కబడ్డీ ఆడతాడు. సూర్యాపేట దగ్గర జరిగిన పోటీలో కూతకు వెళ్లి, గీత అందుకోవడానికి చెయ్యి చాచిన క్షణంలో ఇద్దరు వెనక నుంచి పట్టి లాగడంతో కుడి భుజం గూడ జారింది. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి, మత్తు ఇచ్చి కీలును చోటికి చేర్చి, మళ్లీ ఎక్స్‌రే తీసి చూసుకుని స్లింగ్ వేసి పంపారు. ఆ తరువాత ఇద్దరు ఎముకల వైద్యులను కలిశాము. ఒకరు ఇప్పుడే కీహోల్ ఆపరేషన్ (చిన్న గాట్ల ద్వారా చేసేది) చేయించమన్నారు. మరొకరు మొదటిసారే కదా, మూడు వారాల కట్టు తరువాత వ్యాయామాలు చేయించండి, మళ్లీ జారితే అప్పుడు చూద్దామన్నారు. మా చెల్లెలికి ఆపరేషన్ అంటేనే భయం, మా బావగారేమో పుత్తూరు కట్టు కట్టించడానికి తీసుకువెళదామంటున్నారు. కుర్రవాడు కానిస్టేబుల్ ఎంపికకు కూడా సిద్ధమవుతున్నాడు, అందులో 7.26 కిలోల షాట్‌పుట్ ఉంటుంది. ఆ ఇద్దరు వైద్యులలో ఎవరిది తప్పు అన్నది నా ప్రశ్న కాదు. ఇటువంటి నిర్ణయం దేని ఆధారంగా తీసుకుంటారో తెలిసినవారు చెప్పగలరు.

కీలువైద్యం:
నేను ప్రభుత్వ ఆసుపత్రిలో ఎముకల విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. కుర్రవాడిని చూడలేదు కనుక నేను చెప్పేది సాధారణ సూత్రమే అవుతుంది.

భుజం కీలులో చేతి ఎముక తల పెద్దది, అది ఆనుకునే గూడ లోతు చాలా తక్కువ. ఏ భంగిమలోనైనా ఆ తలలో మూడోవంతుకు మించని భాగమే గూడను తాకి ఉంటుంది. మన చెయ్యి ఇన్ని దిక్కులకు తిరగడానికి కారణం అదే, ఇంత సులువుగా జారడానికి కారణమూ అదే. ఆ లోటును తీర్చడానికి గూడ అంచు చుట్టూ లేబ్రమ్ అనే మెత్తని, గట్టి కణజాలపు వలయం ఉంటుంది. దానికి స్నాయువులు అతుక్కుని ఉంటాయి. భుజం జారినవారిలో నూటికి 95 మందికి పైగా ఎముక ముందువైపుకే జారుతుంది, అలా జారేటప్పుడు లేబ్రమ్ ముందు కింది భాగం అంచు నుంచి చీలి ఊడుతుంది. బ్యాంకార్ట్ అనే బ్రిటిష్ శస్త్రవైద్యుడు 1923లో దీనిని ప్రముఖంగా వర్ణించాడు కనుక ఆ గాయానికి ఆయన పేరే నిలిచింది. అదే సమయంలో ఎముక తల వెనుక భాగం గూడ అంచుకు కొట్టుకుని సొట్ట పడుతుంది. 1940లో ఇద్దరు అమెరికన్ రేడియాలజిస్టులు వివరించిన ఆ సొట్టను హిల్-శాక్స్ అంటారు.

ఇరవై ఏళ్ల లోపువారిలో చీలిన లేబ్రమ్ తరచుగా తన చోట అతుక్కోకుండా కాస్త కిందికి, లోపలికి జారి మానుతుంది. గాయం మానినట్టే ఉంటుంది, నొప్పి ఉండదు, కానీ అంచున ఉండవలసిన అడ్డు అక్కడ లేదు. అందుకే ఈ సమస్యలో మొదట అడగవలసింది వయసు. తక్కిన ప్రశ్నలన్నీ దాని తరువాతివే.

థేమ్స్‌తెలుగు:
నేను ఇంగ్లండులో ఆర్థోపెడిక్ విభాగంలో పనిచేస్తున్నాను. డాక్టరు గారు చెప్పినదానికి అంకెలు జోడిస్తాను. ఎడింబరోలో 15 నుంచి 35 ఏళ్ల మధ్యవారిలో మొదటిసారి భుజం జారి, ఆపరేషన్ లేకుండా చికిత్స పొందిన 252 మందిని గమనించి 2006లో ఫలితాలు ప్రచురించారు. రెండేళ్లలో దాదాపు 56 శాతం మందికి, అయిదేళ్లకు దాదాపు 67 శాతం మందికి భుజం మళ్లీ అస్థిరమైంది. వారిలోనూ చిన్న వయసు మగపిల్లలకు ముప్పు అందరికంటే ఎక్కువ.

ఇక రెండు పద్ధతులను ముఖాముఖి పోల్చినవి కొన్ని చిన్న అధ్యయనాలే. కెనడాలో 30 ఏళ్ల లోపు 40 మందిని చీట్లు తీసినట్టు రెండు వర్గాలుగా విడదీసి, ఒక వర్గానికి వెంటనే ఆర్థ్రోస్కోపీ, అంటే కీహోల్ పద్ధతి ద్వారా లేబ్రమ్ కుట్టారు, రెండో వర్గానికి కట్టు కట్టి వ్యాయామాలు చేయించారు. 1999లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం రెండేళ్లలో భుజం మళ్లీ జారినవారు ఆపరేషన్ వర్గంలో దాదాపు 16 శాతం, కట్టు వర్గంలో 47 శాతం. అమెరికా సైనికులపై 2002లో వచ్చిన మరో చిన్న అధ్యయనంలో ఆపరేషన్ లేనివారిలో 12 మందికి 9 మంది మళ్లీ ఇబ్బంది పడ్డారు, ఆపరేషన్ అయినవారిలో 9 మందికి ఒక్కరే. ఇటువంటివాటిని కలిపి చూసిన 2004 నాటి కాక్రేన్ సమీక్షకు దొరికినవి అయిదే అధ్యయనాలు, వాటన్నిటిలో కలిపి 239 మంది మాత్రమే. శ్రమతో కూడిన శారీరక పనులు, ఆటలు ఉన్న యువకులకు మొదటిసారి దెబ్బ తగిలి భుజం జారినప్పుడు ఆపరేషన్‌ను సమర్థించే పరిమిత ఆధారం ఉందని ఆ సమీక్ష తేల్చింది. తక్కినవారి విషయంలో ఆ మాట కూడా అనలేదు. మీ మేనల్లుడు సరిగ్గా ఆ యువకుల కోవలోకే వస్తాడు.

లెక్కలపిచ్చి:
నేను వైద్యుణ్ణి కాను, గణాంకాలు చదివే అలవాటు ఉన్నవాణ్ణి. స్వీడన్‌లో హోవేలియస్ బృందం 40 ఏళ్లు, అంతకంటే తక్కువ వయసువారిని 25 ఏళ్లపాటు వెంబడించి 2008లో ప్రచురించిన అధ్యయనాన్ని ఎవరూ ప్రస్తావించలేదేమి? వారిలో 12 నుంచి 25 ఏళ్లవారిని తీసుకుంటే, ఆపరేషన్ లేకుండా చికిత్స చేసిన భుజాలలో సగం అసలు మళ్లీ జారలేదు, లేదా కాలక్రమంలో వాటంతట అవే స్థిరపడ్డాయి. అంటే మొదటిసారికే అందరికీ ఆపరేషన్ చేస్తే, ఇద్దరిలో ఒకరికి అవసరం లేని ఆపరేషన్ చేసినట్టే కదా? పైగా 40 మందితో, 20 మందితో చేసిన అధ్యయనాలలో ఇద్దరి ఫలితం అటూ ఇటూ అయితే శాతాలు తారుమారవుతాయి. ఆపరేషన్ చేయించుకున్నవాడు జాగ్రత్తగా ఉండి ప్రమాదకరమైన ఆటలు తగ్గించుకోవడం వల్ల కూడా తేడా వచ్చి ఉండవచ్చు.

కీలువైద్యం:
మీ అభ్యంతరం సబబైనదే, అందుకే మొదటిసారి జారిన ప్రతివారికీ కత్తి పట్టమని ఏ బాధ్యత గల వైద్యుడూ చెప్పడు. అయితే ఆ సగం అనే అంకె 12 నుంచి 25 ఏళ్లవారిలో ఆటలు ఆడేవారినీ, ఆడనివారినీ కలిపి తీసిన సగటు. 25 ఏళ్ల గుమాస్తా భుజం, 19 ఏళ్ల కబడ్డీ రైడర్ భుజం ఒకే సగటులో ఇమడవు.

రెండో విషయం, వేచి చూడడం ఉచితం కాదు. జారిన ప్రతిసారీ గూడ ముందు అంచు కొంత అరుగుతుంది, ఎముక తలలోని సొట్ట కొంత లోతవుతుంది. ఆ అరుగుదల ఒక స్థాయి దాటితే కీహోల్ కుట్లు నిలవవు. బర్కార్ట్, డి బియర్ 2000లో ప్రచురించిన ఫలితాలలో ఎముక నష్టం పెద్దగా లేనివారికి కీహోల్ ఆపరేషన్ తరువాత 4 శాతం మందికే సమస్య తిరగబెట్టింది, ఎముక బాగా నష్టపోయినవారిలో అది 67 శాతానికి చేరింది. ఆపరేషన్ అదే, చేసినవారూ వారే, తేడా అంతా ఎముకలో ఉంది. మళ్లీ జారితే చూద్దాం అనేది కొందరి విషయంలో సరైన సలహాయే. కానీ ఆ మళ్లీ అనేది నాలుగైదు సార్లు అయ్యాక వచ్చే కుర్రవాళ్లను నా ఉద్యోగంలో తరచుగా చూశాను. వారికి చిన్న ఆపరేషన్ అవకాశం అప్పటికే దాటిపోయి ఉండేది.

ఇంకొక మాట, నిజాయితీ కోసం. ఆపరేషన్ చేయించుకుంటే ముసలితనంలో కీలు అరగదని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. స్వీడన్ అధ్యయనంలోనే ఒక్కసారి జారి మళ్లీ జారనివారిలో కూడా కొందరికి కీలు అరుగుదల కనిపించింది.

బందరుమాస్టారు:
ఈ చర్చ అంతా కుర్రవాళ్ల గురించే సాగుతోంది కాబట్టి నా సంగతి కూడా చెబుతాను. నాకు యాభై దాటాయి. స్నానాల గదిలో కాలు జారి పడి భుజం తొలగింది. కీలును చోటికి చేర్చారు, ఎక్స్‌రే బాగుందన్నారు. కట్టు తీశాక నొప్పి తగ్గినా చెయ్యి పక్కకు ఎత్తబోతే సగంలోనే వాలిపోయేది, నల్లబల్ల మీద పైవరుస రాయలేకపోయాను. బిగుసుకుపోయింది, వ్యాయామం చేస్తే వస్తుందని చెప్పారు. చివరకు ఎమ్మారై తీయిస్తే రొటేటర్ కఫ్ (భుజం చుట్టూ ఉండి చేతిని ఎత్తి తిప్పే కండరాలు) కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ తెగిందని తేలింది. మా వయసువారికి నియమం వేరా డాక్టరు గారూ?

కీలువైద్యం:
పూర్తిగా వేరండి. నలభై దాటినవారిలో భుజం మళ్లీ జారే అవకాశం చాలా తక్కువ, కనుక అది జరగకుండా ఉండాలని ఆపరేషన్ చేయవలసిన పని సాధారణంగా ఉండదు. కానీ ఆ వయసులో లేబ్రమ్ కంటే ముందు కఫ్ పట్టీలు తెగుతాయి. కట్టు తీసిన రెండు మూడు వారాలలో చెయ్యి తనంతట తాను లేవకపోతే అల్ట్రాసౌండ్ కానీ ఎమ్మారై కానీ తీయించవలసిందే, ఎందుకంటే తెగిన పట్టీని తొందరగా కుడితే వచ్చే ఫలితం ఆలస్యమైతే రాదు. చెయ్యి లేవకపోవడానికి మరో కారణం భుజం కండరానికి వెళ్లే ఆక్సిలరీ నాడి దెబ్బతినడం. భుజం బయటివైపు, చొక్కా చేతి కుట్టుకు కాస్త దిగువన దూదితో తాకి స్పర్శ తెలుస్తోందో లేదో చూడడం కీలు సరిచేయడానికి ముందూ, తరువాతా తప్పనిసరి. ఆ నాడి దెబ్బ చాలామందిలో కొన్ని నెలలలో దానంతట అదే కోలుకుంటుంది.

తిరుత్తణిదారి:
మూసీగట్టు గారి బావగారి మాటకు జవాబు ఎవరూ చెప్పలేదు. మాది చిత్తూరు వైపు, పుత్తూరు కట్టు మా ఇళ్లలో తరతరాల నమ్మకం. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన పట్టించి వెదురు బద్దలతో బిగించే ఆ కట్టు విరిగిన ఎముకను కదలకుండా పట్టి ఉంచుతుంది, కదలకుండా ఉంటే అతుక్కోవడం ఎముక స్వభావం. ఇక్కడ ఎముక విరగలేదు, పైగా కీలు ఇప్పటికే చోటికి చేరింది. లోపల చీలిన లేబ్రమ్‌ను పైనుంచి కట్టే ఏ కట్టూ అంచుకు చేర్చలేదు. ఆ మాటకొస్తే ఆసుపత్రిలో ఇచ్చిన స్లింగ్ కూడా చేర్చలేదు, అది నొప్పి తగ్గేవరకు ఆధారం మాత్రమే. ఎక్స్‌రే లేకుండా భుజాన్ని మళ్లీ లాగించడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. ఎముక అంచు చిట్లి ఉంటే ఆ లాగుడుకు పెద్ద విరుపు కావచ్చు.

వ్యాయామసాధన:
నేను ఫిజియోథెరపిస్టుని. ఆపరేషన్ వద్దనుకున్నవారికి అసలు చికిత్స ఏమిటో చర్చలో రాలేదు. స్లింగ్ ఎక్కువ వారాలు ఉంచితే మళ్లీ జారదనే నమ్మకానికి ఆధారం దొరకలేదు. ఒకటి నుంచి మూడు వారాలు చాలు, వయసు పెరిగేకొద్దీ ఇంకా ముందే తీయాలి, లేకపోతే భుజం బిగుసుకుపోతుంది. చేతిని బయటివైపు తిప్పి కట్టు కడితే లేబ్రమ్ అంచుకు దగ్గరగా మానుతుందని జపాన్‌లో ఇతోయ్ బృందం చూపింది. వారి 2007 అధ్యయనంలో మళ్లీ జారినవారు ఆ పద్ధతిలో 26 శాతం, మామూలు స్లింగ్‌లో 42 శాతం. తరువాత ఇతర దేశాలలో చేసినవారికి అంత తేడా కనిపించలేదు. చెయ్యి బయటికి చాచుకుని బస్సు ఎక్కలేక చాలామంది ఆ కట్టును మధ్యలోనే తీసేస్తారు కూడా.

బ్రిటన్‌లో 482 మందిపై జరిగి 2024లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం మా వృత్తివారికి కాస్త చేదు వార్తే చెప్పింది. ఆపరేషన్ లేకుండా చికిత్స పొందుతున్నవారిలో, ఒక్కసారి కూర్చోబెట్టి సలహాలు, ఇంటి వ్యాయామాలు నేర్పినవారికీ, దానికి తోడు పలుమార్లు ఫిజియోథెరపీకి రప్పించినవారికీ ఆరు నెలల నాటికి చెప్పుకోదగిన తేడా లేదు. అందుకని వ్యాయామం దండగ అని అర్థం చేసుకోకండి, ఆ రెండు వర్గాలూ వ్యాయామం చేసినవే. ఇంట్లో రోజూ శ్రద్ధగా చేసేవాడు ప్రతిసారీ మా దగ్గరకు రానవసరం లేదు, అంతే. భుజపు రెక్క ఎముకను నిలిపే కండరాలు, కఫ్ కండరాలు బలపడితే మామూలు పనులలో భుజం బాగా అదుపులో ఉంటుంది. అయితే ఇద్దరు బలవంతులు చేతిని వెనక్కి లాగే క్షణంలో, చీలిన లేబ్రమ్ చేయవలసిన పనిని ఏ కండరమూ పూర్తిగా చేయలేదు. ఆ మాట నా దగ్గరకు వచ్చే ఆటగాళ్లకు ముందే చెబుతాను.

ఓరుగల్లు_అమ్మాయి:
విషయం పక్కకు తిప్పుతున్నానని అనుకోకండి, ఎవరికైనా ఉపయోగపడవచ్చు. మా తమ్ముడికి మూర్ఛ ఉంది. ఒకసారి ఫిట్స్ వచ్చాక చెయ్యి ఒంటికి ఆనించి పట్టుకుని, బయటికి తిప్పలేకపోయాడు. ఎదురుగా తీసిన ఎక్స్‌రేలో ఏమీ లేదని పంపేశారు. తరువాత వేరే చోట చంక వైపు నుంచి మరో ఎక్స్‌రే తీస్తే భుజం వెనక్కి జారి ఉందని బయటపడింది.

కీలువైద్యం:
చాలా విలువైన మాట చెప్పావమ్మా. ఫిట్స్, కరెంటు షాక్ తరువాత వెనక్కి జారే భుజాలు అరుదు, ఎదురు ఎక్స్‌రేలో ఇట్టే తప్పిపోతాయి. అటువంటివారికి భుజం ఆపరేషన్ కంటే ముందు ఫిట్స్ అదుపులోకి రావాలి. లేకపోతే ఎంత బాగా కుట్టినా తరువాతి మూర్ఛలో తెగుతుంది.

మూసీగట్టు:
అందరికీ కృతజ్ఞతలు. మీరు రాసినవి చదివాక మొదటి వైద్యుడి దగ్గరకు మళ్లీ వెళ్లి ఎమ్మారైతో పాటు సీటీ కూడా తీయించాము. ఆయన మావాడిని మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, మోచెయ్యి వంచి, చేతిని భుజం ఎత్తుకు పక్కకు తెచ్చి, మెల్లగా వెనక్కి తిప్పారు. నొప్పి లేదంటూనే వాడు పళ్లు బిగించి రెండో చేత్తో ఆయన మణికట్టు పట్టేసుకున్నాడు. డాక్టరు గారు అరచేతితో భుజాన్ని ముందు నుంచి నొక్కిపట్టి మళ్లీ అదేవిధంగా తిప్పితే మాత్రం ఏ భయమూ లేకుండా తిప్పనిచ్చాడు. లేబ్రమ్ ముందు కింది భాగంలో ఊడిందని, గూడ ఎముక నష్టం దాదాపు లేదని, ఎముక తలలో చిన్న సొట్ట ఉన్నా అది గూడ అంచుకు చిక్కుకునే స్థాయిలో లేదని నివేదిక వచ్చింది. మా బంధువుల అబ్బాయికి లటార్జే అనే ఆపరేషన్ చేశారట, అదే గట్టిదని వాళ్లు అంటున్నారు. మావాడికి ఏది తగును?

థేమ్స్‌తెలుగు:
బాలగ్, బ్వాలో అనే ఫ్రెంచి వైద్యులు 2007లో ఇచ్చిన ఒక లెక్క ఉంది, దాని ప్రకారం చూద్దాం. వయసు 20కి మించలేదు కనుక 2 పాయింట్లు, పోటీ స్థాయి ఆట కనుక 2, ఒంటిని తాకే ఆట కనుక 1. కీళ్లు మరీ వదులుగా ఉంటే 1 కలపాలి, చేతిని బయటికి తిప్పి తీసిన ఎక్స్‌రేలో సొట్ట కనిపిస్తే 2, గూడ అంచు రేఖ చెరిగిపోయి ఉంటే మరో 2. మీరు రాసినదానిని బట్టి సొట్ట చిన్నది, ఆ ఎక్స్‌రేలో కనిపించదనుకుని, చివరి మూడూ లేవనుకుంటే మొత్తం 5. ఆ వైద్యులు గమనించినవారిలో 6 వరకు వచ్చినవారికి కీహోల్ కుట్ల తరువాత దాదాపు 10 శాతం మందికి భుజం మళ్లీ జారింది, 6 దాటినవారికి 70 శాతం. కాబట్టి మీవాడు కీహోల్‌కు సరిపోతాడు. కానీ అంచుకు ఒక్క మెట్టు దూరంలోనే ఉన్నాడు. ఆ ఒక్క మెట్టు మరొకసారి జారితే దాటిపోవచ్చు.

కీలువైద్యం:
నా అభిప్రాయమూ అదే. లటార్జే 1954 నాటి ఫ్రెంచి ఆపరేషన్. రెక్క ఎముకకు ముందున్న కోరకాయిడ్ అనే కొక్కెం లాంటి భాగాన్ని, దానికి అంటి ఉన్న కండరాలతో సహా కోసి తీసి, గూడ ముందు అంచున స్క్రూలతో బిగిస్తారు. గూడ ఎముక అయిదోవంతు, అంతకు మించి పోయినవారికి అది ప్రాణం పోసినట్టు పనిచేస్తుంది. గట్టిదే, నిస్సందేహంగా. కానీ నాడులకు దెబ్బ తగలడం, స్క్రూ వదులు కావడం, పెట్టిన ఎముక కరిగిపోవడం వంటి చిక్కులు దానిలో ఎక్కువ, శరీర నిర్మాణం ఒకసారి మారాక వెనక్కి తీసుకోవడం కష్టం. ఎముక నష్టం లేని మొదటిసారి భుజానికి దానిని ముందే వాడడం నాకు సమ్మతం కాదు. కబడ్డీ, కుస్తీ ఆడేవారికి నేరుగా లటార్జే చేసే వైద్యులు ఉన్నారు, వారి వాదనలోనూ బలం ఉంది. మీ వైద్యుడు ఏది చెప్పినా, ఎముక నష్టం ఎంత అని సీటీ చూపించి వివరించమని అడగండి.

లెక్కలపిచ్చి:
ఒక్క సందేహం. కుర్రవాడు కబడ్డీ మానేస్తే ఈ లెక్క మారదా?

థేమ్స్‌తెలుగు:
తప్పక మారుతుంది. ఆట మానేసి, చెయ్యి తల మీదికెత్తి బలంగా విసిరే పనులు లేని జీవితం అయితే 3 పాయింట్లు తగ్గుతాయి. అప్పుడు కొన్ని నెలలు వ్యాయామంతో చూడడం పూర్తిగా సమంజసం, ఆ రెండో వైద్యుడు చెప్పినది అటువంటివారికి మంచి సలహా. కనుక కుర్రవాడు ఏం చేయదలచుకున్నాడో అతని నోటి నుంచే వినాలి, మేనమామ నోటి నుంచి కాదు. కోపం తెచ్చుకోకండి మూసీగట్టు గారూ.

గోల్కొండగాలి:
నాకు కీహోల్ ఆపరేషన్ అయింది, ఇంట్లో వారికి ఉపయోగపడేవి చెబుతాను. మూడు చిన్న గాట్లే కనిపిస్తాయి కనుక చిన్న పని అనుకుంటారు, లోపల మానడానికి మాత్రం తక్కువ కాలం పట్టదు. నాలుగైదు వారాలు రాత్రి కూడా స్లింగ్‌తోనే పడుకోవాలి, వెల్లకిలా పడుకుంటే భుజం లాగుతుంది కనుక వీపు వెనుక దిండ్లు పేర్చుకుని సగం కూర్చున్నట్టు పడుకోవడం మేలు. చొక్కా వేసుకునేటప్పుడు ఆపరేషన్ అయిన చేతిని ముందు దూర్చాలి, విప్పేటప్పుడు దానిని చివర తీయాలి. చేతిని బయటికి తిప్పడంలో నాకు కొంత బిగువు ఈనాటికీ మిగిలింది. బౌలింగ్ వేగం తగ్గింది, భుజం మాత్రం మళ్లీ జారలేదు. ఖర్చు విషయానికి వస్తే, ఆరోగ్యశ్రీ కింద వస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి, చేరాక అడిగితే తిరకాసు అవుతుంది.

మూసీగట్టు:
కోపమెందుకండీ, వాడినే అడిగాను. కబడ్డీ మానను, కానీ కానిస్టేబుల్ ఉద్యోగం ముందు అన్నాడు. తరువాతి నోటిఫికేషన్ ఎప్పుడు వస్తుందో తెలియదు కనుక ఆలస్యం చేయకుండా కీహోల్ ఆపరేషన్‌కే ఒప్పుకున్నాడు, మా చెల్లెలు కూడా సరేనంది. ఇంకొక్క ప్రశ్న మిగిలింది. పరుగు, షాట్‌పుట్ సాధన ఎప్పుడు మొదలుపెట్టవచ్చు?

వ్యాయామసాధన:
నడక మొదటి వారం నుంచే చేయవచ్చు, స్లింగ్ ఉన్నా ఇబ్బంది లేదు. పరుగు సాధారణంగా మూడో నెలలో మొదలుపెట్టనిస్తాము, పడిపోతే చెయ్యి ఆనించే ప్రమాదం ఉంది కనుక మొదట సమతలమైన మైదానంలోనే పరుగెత్తాలి. షాట్‌పుట్ అయిదారు నెలలకు ముందు వద్దు. అప్పుడు కూడా నేరుగా 7.26 కిలోల గుండు పట్టుకోకుండా రెండు కిలోల బంతితో మొదలుపెట్టి వారానికి కొంత చొప్పున పెంచుకోవాలి. కానిస్టేబుల్ ఎంపికలోనే ఉండే లాంగ్‌జంప్‌లో ఇసుకలో వెనక్కి పడి చెయ్యి ఆనించే అలవాటు చాలామందికి ఉంటుంది, షాట్‌పుట్ కంటే నాకు దాని మీదే ఎక్కువ భయం. దూకడం మొదలుపెట్టే ముందు ఒకసారి భుజాన్ని పరీక్ష చేయించండి. కబడ్డీలో పట్టుడు ఆరు నెలలు దాటి, రెండు భుజాల బలం దాదాపు సమానమయ్యాకనే. మందులు మానేయవచ్చా, డ్రెస్సింగ్ ఎప్పుడు తీయాలి వంటివి మాత్రం ఇక్కడ అడగకుండా ఆపరేషన్ చేసినవారినే అడగండి.